సిగ్నల్ పోయే చోటు

విమానం కల్లంలో పడ్డాక చాలాసేపటిదాకా ఎవరూ ఎవర్నీ తిట్టలేకపోయారు. అందరికీ ఒకటే తుమ్ములు.

పడటం కూడా సరిగ్గా నడిమధ్యన పడింది. ఎండుమిరపకాయల్లో ముక్కు పెట్టి, అటు చివరిదాకా దున్నుకుంటూ పోయి, ఘాటంతా గాల్లోకి లేపింది. తాలు కాయలు ఏరుతున్న ఆడవాళ్లు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకుని తలో దిక్కుకూ పరుగెత్తారు. ముఠా మేస్త్రి అంకమ్మ తుమ్మలేక తుమ్మలేక కూలబడిపోయింది. నీరజ ఒక్కతే ఆకుపచ్చ చున్నీ మూతికి చుట్టుకుని ముందుకెళ్లి, ఆ పసుపుపచ్చ విమానాన్ని తోక పట్టుకుని పైకి లాగింది. బారెడు రెక్కలు, ఫోమ్ షీటు కోసి అతికించిన ఒళ్లు. చేసినవాడెవడో గానీ చాలా శ్రద్ధగా చేశాడు.

"అండీ, దాన్ని అట్టా తోక పట్టుకోకండి. విరిగిద్ది."

పక్కనే శనగ పీకేసిన చేలోంచి ఒకతను రొప్పుకుంటూ వచ్చాడు. మెడలో పట్టీకి రిమోట్ వేలాడుతోంది.

"మా కాయలన్నీ తొక్కించి, మీ తోక గురించి మాట్లాడతన్నారా?" అంది నీరజ.

"నా తప్పేం లేదండీ. సిగ్నల్ పోయింది."

"సిగ్నల్ పోతే ఫోన్ ఊరికే ఉంటది. జనం నెత్తిన పడదుగా."

అతను జవాబు చెప్పబోయాడు. నోరు తెరిచేసరికి తుమ్మొచ్చింది. దాని వెనకే ఇంకోటి, ఇంకోటి. రిమోట్ గుండెలకు హత్తుకుని వంగి వంగి తుమ్ముతున్న ఆ మనిషిని చూస్తే నీరజకు నవ్వాగలేదు. చున్నీ ఉంది కాబట్టి పరువు దక్కింది.

ఇంతలో ఆమె తండ్రి ధనుంజయరావు పాకలోంచి బయటికొచ్చాడు. వచ్చినవాణ్ని ఎగాదిగా చూశాడు.

"మీరు కాలవల ఆఫీసులో కొత్తగా వచ్చిన ఏఈ గారు కదూ?"

"అవునండీ. రామబ్రహ్మం. మాది మాచర్ల."

"ఏఈ గారైతే కాలవ మీద ఎగరేసుకోండి. కాయ పగిలితే మిర్చి యార్డులో తాలు కింద కట్టి పారేస్తారు. మీరు నిలబడి ఎగరేసిన ఆ చేను కూడా నాదే."

"కాలవలో పడితే కొట్టుకుపోయిద్దండీ. నూజెండ్ల చుట్టుపక్కల ఇంత చదునైన చేను ఇంకోటి లేదు," అన్నాడు రామబ్రహ్మం. భయపడకుండా, బతిమాలకుండా, ఉన్నమాట చెప్పినట్టు చెప్పాడు. చేనును మెచ్చుకుంటే మెత్తబడని రైతు ఆ ప్రాంతంలో ఎక్కడా ఉండడు. ధనుంజయరావు కూడా కాస్త తగ్గాడు.

"సరే. ఎగరేసుకోండి. ఇంకోసారి నా కల్లంలో పడిందంటే మాత్రం ఈ చేలో అడుగు పెట్టనివ్వను."

"దానికేం జబ్బో నేను కనిపెడతాలే నాన్నా," అంది నీరజ. ఆమె హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే టెస్టర్‌గా పనిచేస్తుంది. ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే ఉద్యోగం. పది దాటాకే లాగిన్ కావాలి. పొద్దున్నే కల్లం దగ్గర ఉండటం ఎటూ తప్పదు. చేతిలో ఒక విమానం, దానికి అంతుపట్టని జబ్బు. ఆమెకు ఇంతకన్నా ఏం కావాలి.

మర్నాటి నుంచి వైద్యం మొదలైంది.

"ఒకసారికి ఒకటే మార్చాలి," అని నీరజ మొదటే షరతు పెట్టింది. "రెండు మారిస్తే ఏది జబ్బో తెలీదు."

"మీరెట్టా అంటే అట్టా."

"అన్నిటికీ అట్టా తల ఊపమాకండి. అనుమానం వస్తంది."

ముందు రేంజ్ టెస్ట్. రిమోట్‌లో ఒక మీట నొక్కితే దాని సిగ్నల్ బాగా బలహీనమవుతుంది. అలా నీరసపడ్డ సిగ్నల్ కూడా కొంత దూరం అందితే, అసలు సిగ్నల్ ఆకాశమంతా అందుతుందని లెక్క. నీరజ విమానాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుని నిలబడేది. రామబ్రహ్మం ఆమెకు ఎదురుగా వెనక్కి వెనక్కి నడుస్తూ రిమోట్ మీది పుల్లలు కదిపేవాడు. రెక్కల చివర్లు టపటపా ఆడేవి. "బానే ఉంది," అని ఆమె బొటనవేలు చూపించేది. అతను ఇంకా వెనక్కి వెళ్లేవాడు. చేను గట్టు తగిలి పడబోయేదాకా వెళ్లేవాడు.

నేల మీద పరీక్ష ఒక్కరోజు కూడా తప్పలేదు. గాల్లోకి లేచాకే తంటా. విమానం కుడివైపు దూరంగా వెళ్లి మలుపు తిరిగే సమయానికి ఉన్నట్టుండి మోటారు ఆగిపోయేది. సిగ్నల్ పోతే మోటారు తనంతట తనే ఆగేలా అమర్చి ఉంటుంది మరి. మళ్లీ అందుకునేలోపు విమానం ఆ వంపు మీదే గుండ్రంగా జారుకుంటూ కిందికొచ్చేది. ఎడంపక్కన కల్లం దగ్గర గట్టు మీద నిలబడ్డ నీరజ ప్రాణాలు ఉగ్గబట్టుకునేది. దైవికంగా ప్రతిసారీ చేలోనే దిగింది.

బ్యాటరీ మార్చారు. రిసీవర్ మార్చారు. రిసీవర్ యాంటెనా తీగను ఒకరోజు రెక్కలోకి, ఒకరోజు తోకలోకి తిప్పారు. ప్లగ్గులన్నీ పీకి, తుడిచి, మళ్లీ గుచ్చారు. జబ్బు మాత్రం వదల్లేదు.

"దిష్టి తగిలింది సారూ," అని అంకమ్మ తేల్చేసింది. "పచ్చంగా నిగనిగలాడతా ఎగిరితే ఎవరి కళ్లు ఊరుకుంటయ్?" ఆ మాటంటూనే విమానం ముక్కుకు నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చి కట్టింది. రామబ్రహ్మం పెద్దావిడ మాట తీసెయ్యలేక అలాగే వదిలాడు. ముక్కు బరువెక్కిన విమానం చేనంతా కోడిపెట్టలా పరుగెత్తింది గానీ పైకి లేవలేదు.

"ఇవాళ సిగ్నల్ పోలేదు చూశావా?" అంది అంకమ్మ గర్వంగా.

"ఎగరందే ఎట్టా పోయిద్ది అంకమ్మత్తా?" అని నీరజ నవ్వింది. నవ్వుతూ తల తిప్పేసరికి రామబ్రహ్మం తన వైపే చూస్తున్నాడు.

"ఏంది చూస్తన్నారు?"

"గాలి ఎటు నుంచి వస్తందో చూస్తన్నా."

"నా మొహం మీద రాసుందా?"

"మీ చున్నీ ఎగురుతుంది కదా. దాన్ని బట్టి తెలిసిద్ది."

ఆ సమాధానం నమ్మదగ్గదిగానే ఉంది. అయినా మర్నాడు పొద్దున నీరజ బీరువాలో అదే ఆకుపచ్చ చున్నీ కోసం వెతికింది.

ఆ వారంలోనే లాప్‌టాప్ మొరాయించింది. బాగు చేయించడానికి నీరజ ఒకరోజు నరసరావుపేట వెళ్లింది. బస్టాండులో ఉండగా రామబ్రహ్మం ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం పొంగిపోతోంది.

"ఇవాళ చూడాల్సిందండీ మీరు. బ్యాటరీ అయిపోయేదాకా ఎగిరింది. ఒక్కసారి కూడా సిగ్నల్ పోలేదు."

"ఏం మార్చారు?"

"ఏమీ మార్చలేదు. మీరు రాలేదు, అంతే."

అతను నవ్వుతూనే అన్నాడు. నీరజకు మాత్రం చురుక్కుమంది.

"అంటే నా కాలు మంచిది కాదనా?"

"అయ్యో, నేనట్టా..."

ఫోన్ పెట్టేసింది. మళ్లీ మోగింది. ఎత్తలేదు. వినుకొండ బస్సులో కిటికీ పక్కన కూర్చుని అతన్ని తిట్టని తిట్టు లేదు. దిష్టి అన్న అంకమ్మ మీద రాని కోపం ఇతని మీద ఎందుకొస్తోందని తననే అడిగి చూసుకుంది. జవాబు తేలిగ్గానే దొరికింది. అంకమ్మ ఏమనుకున్నా ఆమెకు ఫర్వాలేదు. ఇతను అనుకుంటే ఫర్వా ఉంది. పొద్దున్నే అలారం మోగకముందే మెలకువ రావడం విమానం కోసం కాదు. ఆ మనిషంటే తనకు ఇష్టం. నాన్న అతన్ని ఆ చేలోకి రానివ్వకపోతే ఆ పొద్దులన్నీ పోతాయి. అదే తన భయం.

బస్సు ఊరు దాటాక కోపం కాస్త చల్లారి, ఉద్యోగపు బుర్ర పని చేయడం మొదలెట్టింది. అతను చెప్పింది ఎగతాళి కాదు, ఫలితం. ఏమీ మార్చలేదు. మారింది ఒక్కటే. దాన్ని ఇంతవరకూ ఎవరూ పరీక్షించలేదు.

మర్నాడు ఆకాశం మబ్బు పట్టి ఉంది. నీరజ చేలోకి వెళ్లేసరికి రామబ్రహ్మం ఎదురొచ్చాడు. రాత్రి నిద్రపోయిన ముఖం కాదది.

"నిన్న నేనన్నది..."

"తర్వాత చెప్పండి. ముందు ఎగరెయ్యండి. నేనెక్కడ నిలబడ్డానో పట్టించుకోకండి."

ఆమె వెళ్లి కుడిపక్కన బోరు దగ్గర నిలబడింది. విమానం కూడా ఆ వైపే వెళ్లి, మలుపు తిరిగి వచ్చింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. మోటారు చప్పుడు ఎక్కడా తెగలేదు. నీరజ తీరిగ్గా చేను చుట్టి వచ్చి ఎడంపక్కన కల్లం గట్టెక్కింది. చున్నీ సర్దుకుని, ఈసారి విమానాన్ని కాకుండా మనిషిని చూస్తూ నిలబడింది.

విమానం కుడివైపు దూరంగా మలుపు తీసుకుంటోంది. రామబ్రహ్మం ఎడమకు తిరిగాడు. తల ఒక్కటే కాదు. భుజాలు, పొట్టకు ఆనించుకున్న రిమోట్, మొత్తం మనిషి ఆమె వైపు తిరిగాడు. మోటారు ఆగిపోయింది.

విమానం ఆడవాళ్ల వైపే జారుకుంటూ వచ్చి, కల్లం గట్టుకు జానెడు ఇవతల ఆగింది. నీరజ దాన్ని చూడను కూడా చూడలేదు. నేరుగా అతని దగ్గరకు నడిచింది.

"మీరిటు తిరిగారు."

"తిరిగానా?"

"తిరిగారు. ఈ రకం సిగ్నల్‌కి మనిషి ఒళ్లు గోడ లెక్క. విమానం అటుంటే రిమోట్ ఇటు తిప్పారు. మధ్యలో మీరే అడ్డం. రేంజ్ టెస్ట్ ఎందుకు తప్పలేదో తెలుసా? అప్పుడు విమానం నా చేతుల్లో ఉంటది. దాన్ని చూసినా నన్ను చూసినా ఒకటే దిక్కు."

రామబ్రహ్మం చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంతకీ ఇటెందుకు తిరుగుతున్నారు?" అని అడిగింది. ఆమెకు తెలుసు. అతని నోటితో వినాలని ఉంది.

వినే అదృష్టం వెంటనే పట్టలేదు. వెనక నుంచి ధనుంజయరావు గొంతు వినపడింది. వాన భయానికి కల్లం కప్పించడానికి వచ్చి, జరిగిందంతా చూశాడు.

"ఏఈ గారూ, ఇక సామాను సర్దుకోండి."

"కల్లంలో పడలేదుగా నాన్నా. ఇవతలే ఆగింది," అంది నీరజ.

"రేపు ఆ జానెడు కూడా దాటిద్ది."

"తప్పు దొరికింది నాన్నా."

"ఏంది తప్పు?"

రోజూ ఇన్నేసి తప్పుల్ని విడమరిచి రాసే నీరజకు ఆ ఒక్క తప్పు చెప్పడానికి నోరు రాలేదు. రామబ్రహ్మం మెడలోంచి రిమోట్ తీసి చేత్తో పట్టుకుని ముందుకొచ్చాడు.

"తప్పు నాదేనండీ. విమానం అటుంటే నేను మీ అమ్మాయి వైపు తిరుగుతున్నా. నా ఒళ్లు అడ్డమొచ్చి సిగ్నల్ పోతంది."

కాయలు ఏరే చేతులన్నీ ఆగిపోయాయి. అంకమ్మ బుట్ట కింద పెట్టి మరీ విన్నది.

"ఎందుకు తిరుగుతున్నారు?"

"చూడటానికండీ. నాకు నీరజ గారంటే ఇష్టం. ఆమెకు చెప్పకముందే మీకు చెప్పాల్సొచ్చింది. అదొక్కటే బాధగా ఉంది."

ధనుంజయరావు బేరంలో మెలిక దొరికినట్టు అడిగాడు. "మరి మొదటిరోజు ఎందుకు పడింది? అప్పటికి మా అమ్మాయి ఎవరో మీకు తెలియదుగా."

"తెలీదండీ. ఎర్రటి కాయల మధ్యన ఆకుపచ్చ చున్నీ కనపడింది. తిరిగా. పడింది."

నీరజకు ఒళ్లంతా సంతోషం పాకింది. దాన్ని దాచుకోవడానికి ఇవాళ మూతికి చున్నీ కూడా లేదు.

"ఏమే, నువ్వేమంటావు?" అన్నాడు తండ్రి.

"ఇది సరిచెయ్యొచ్చు నాన్నా. నేను ఆయన పక్కన నిలబడితే చాలు."

అన్నాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. తెలిశాక కూడా వెనక్కి తీసుకోలేదు.

"అయితే అదీ చూద్దాం. ఎగరెయ్యండి," అని ధనుంజయరావు గట్టు మీద కూర్చున్నాడు.

రామబ్రహ్మం విమానాన్ని గాల్లోకి వదిలాడు. నీరజ అతని పక్కన, భుజానికి భుజం తగిలేంత దగ్గరగా నిలబడింది. విమానం దూరంగా మలుపు దగ్గరకు వెళ్తోంది. అతని మెడ కాస్త కదిలింది.

"విమానాన్నే చూడు," అంది నీరజ మెల్లగా. "నేనెక్కడికీ పోను."

ఆ 'చూడు'కి అతని చెయ్యి ఒక్క క్షణం తడబడింది. విమానం మాత్రం తడబడలేదు. మబ్బుల కింద పసుపుపచ్చగా మెరుస్తూ మలుపు తిరిగింది, మళ్లీ తిరిగింది, ఎన్నిసార్లు తిరిగినా మోటారు పాట ఆగలేదు. చివరికి చేను మధ్యలో మెత్తగా దిగింది. అంకమ్మ నిమ్మకాయ గురించి ఏదో అంది గానీ ఎవరూ వినిపించుకోలేదు.

అప్పుడు పడింది మొదటి చినుకు, నీరజ బుగ్గ మీద. రెండోది రామబ్రహ్మం చేతి మీద పడింది. మూడోది కల్లంలో పడేసరికి ధనుంజయరావు లేచి పరుగెత్తాడు.

"పట్టాలు లాగండే, పట్టాలు. అబ్బాయ్, దాన్ని పాకలో పెట్టి వచ్చి ఈ కొస పట్టుకో."

ఏఈ గారు ఎప్పుడు అబ్బాయి అయ్యాడో ఆ హడావుడిలో ఎవరూ గమనించలేదు, నీరజ తప్ప.

రామబ్రహ్మం పరుగున వచ్చి పట్టా కొస అందుకున్నాడు. ధనుంజయరావు అతని పక్కనుంచి పోతూ, అతని వైపు చూడకుండానే అన్నాడు. "చూడాలనుంటే మీ పెద్దాళ్లను తీసుకుని ఇంటికొచ్చి చూడు. చేలో నిలబడి చూస్తంటే నా కాయలు పగులుతున్నయ్."

"ఈ ఆదివారమే వస్తామండీ," అన్నాడు రామబ్రహ్మం.

నీలం పట్టాకు అవతలి కొస నీరజ చేతిలో ఉంది. మధ్యన ఎర్రటి కాయలు, పైన చినుకులు. రామబ్రహ్మం తల ఎత్తి ఆమెను చూశాడు. ఈసారి దాచుకోకుండా, తీరిగ్గా, ఎంతసేపు చూడాలనిపిస్తే అంతసేపు చూశాడు. నీరజ కూడా చూసింది. ఎక్కడా ఏదీ పడలేదు.