గడప అవతలి పొడి

సోమవారం ఆ ఇంట్లో తిరిగినవాళ్ళు ఐదుగురు.

డాక్టర్ రామబ్రహ్మం. డెబ్బై ఏళ్ళు. అడవుల్లో చెట్లను తొలిచే పురుగుల మీద పరిశోధన చేసి రిటైరయ్యాడు. ఆయన కూతురు స్వాతి. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆ రోజు ఇంటి నుంచే పని. అల్లుడు సురేంద్ర. విదేశాల నుంచి సోఫాలు తెప్పించి అమ్ముతాడు. ఒకటిన్నరకు భోజనానికి వచ్చి, రెండుంబావుకు మళ్ళీ వెళ్ళిపోయాడు. పనిమనిషి జయమ్మ. ఇక ఐదోవాడు జాన్సన్, డాక్టర్‌గారి దగ్గర రీసెర్చ్ చేస్తున్న కుర్రాడు. పన్నెండున్నరకు బ్యాగు వీపున వేసుకుని గేటు దాటాడు.

ఈ ఐదుగురి పేర్లూ ఎస్సై కెజియా నోట్‌బుక్‌లో ఒకే పేజీలో ఉన్నాయి.

పోయింది మాత్రం ఒక చెక్కముక్క. ఇటుకంత ఉంటుంది.

ఖాజాగూడ చెరువు పక్కన విల్లా. మేడ మీద డాక్టర్‌గారి గది. టేబుల్ మీద గాజు జాడీ, దాని మూతికి సన్నటి ఇనుప వల. సోమవారం ఉదయం 11.20కి చెక్క జాడీలో ఉంది. సాయంత్రం 5.40కి లేదు.

చెక్కముక్క కోసం పోలీసులా అని కెజియాకు మొదట నవ్వొచ్చింది. డాక్టర్‌గారు విషయం చెప్పాక ఆ నవ్వు పోయింది.

ఆ చెక్కలో ఒక పురుగు బతికి ఉంది. మన దేశపు పురుగు కాదు. సరుకు ప్యాక్ చేసిన చెక్కల్లో దాక్కుని ఓడెక్కి వచ్చింది. లోపల ఏడాది, రెండేళ్ళు కూడా తింటూ కూర్చుంటుంది. పైకి చెక్క నున్నగానే కనిపిస్తుంది. ఒకరోజు సూది బెజ్జమంత కన్నం చేసుకుని ఎగిరిపోతుంది. అది మన అడవుల్లో పడితే ఏ చెట్టును పట్టుకుంటుందో ఎవరికీ తెలియదు.

ఆ ముక్క జాన్సన్‌కు రోడ్డు పక్క చెత్తలో దొరికింది. ఏ గోడౌన్‌దో తెలియదు. దాని మీద సగం చెరిగిన ముద్ర ఒకటుంది, అంతే. గురువారం పదింటికి ప్లాంట్ క్వారంటైన్ అధికారులు వస్తున్నారు. బతికున్న పురుగును చూపిస్తే, ఆ ముద్ర పట్టుకుని గోడౌన్‌ను వెతికి సరుకు ఆపేస్తారు.

"ఫోటోలున్నాయి కదా సార్?"

"పురుగువి ఉన్నాయమ్మా. ముద్ర ఉన్న వైపు తియ్యలేదు. నాకెప్పుడూ పురుగు మీదే ధ్యాస."

అంటే గురువారం పదిలోపు. కెజియా పెన్ను టకటకమని నొక్కుతూ గేటు దగ్గరి సీసీటీవీ చూసింది.

5.15. జయమ్మ బయటికి వెళ్తోంది. భుజాన గోనెసంచి. సంచిలోంచి కట్టెలు పైకి కనిపిస్తున్నాయి.

ఇందులో వింతేమీ లేదని డాక్టర్‌గారు అన్నాడు. పరిశోధన అయిపోయిన కట్టెల్ని ఓవెన్‌లో పెట్టి, లోపల ప్రాణమున్నదేదీ లేకుండా చేసి, నెలకోసారి తనే జయమ్మకు ఇస్తాడు. ఆమె వాటితో నీళ్ళు కాచుకుంటుంది. ఆ వాడుక ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

కెజియాకు అక్కడే పట్టు దొరికింది. ఎనిమిది కట్టెల మధ్య తొమ్మిదోది దాచడం ఎంతసేపు?

మంగళవారం తొమ్మిదికి జయమ్మ పనికి వస్తుంటే గేటు దగ్గరే ఆపింది. చేతిసంచి అక్కడే బోర్లించింది. టిఫిన్ డబ్బా, దువ్వెన, బీపీ గోలీల పట్టీ రోడ్డు మీద పడ్డాయి. ఆఫీసులకు వెళ్ళే కార్లు నెమ్మదించాయి. అద్దాలు కిందికి దిగాయి. స్కూటీ మీది అమ్మాయి కాలు కింద పెట్టి మరీ చూసింది.

కానిస్టేబుల్ వీరేశం చందానగర్ వెళ్ళి జయమ్మ గది వెతికాడు. గోనెసంచి పట్టుకొచ్చాడు. ఎనిమిది కట్టెలున్నాయి. చెక్కముక్క లేదు.

అప్పటికే కాల్చేసిందా? ఎవరికైనా ఇచ్చేసిందా?

"నిన్న ఏమేం పని చేశావు?"

"పొద్దుగాల ఊడ్సిన, తుడ్సిన. నాలుగున్నరకు మళ్ల ఊడ్సిన. దీపం పెట్టే ముందు ఊడుస్త గద. పూజగదిల పొడి వడ్డది, తెల్లగ. పొద్దుగాల లేకుండె మేడం."

"పొడి సంగతి నేనడిగానా? మేడ మీదికి ఎన్ని గంటలకు వెళ్ళావు?"

పక్కనే ఉన్న స్వాతి, అది తను వేసిన ముగ్గుపిండి అయ్యుంటుందని మెల్లగా అంది. కెజియా ఆ మాట రాసుకోలేదు. జయమ్మను స్టేషన్ బెంచీ మీద నాలుగింటి దాకా కూర్చోబెట్టింది. ఇక పనిలోకి రావద్దని స్వాతి ఫోన్లో చెప్పింది. ఏమీ తేలలేదు.

బుధవారం మాదాపూర్‌లో జాన్సన్ హాస్టల్ గది. మంచం కింద పుస్తకాలు, విప్పిన బట్టలు. ఆ పురుగు మీద తన పేరుతో పేపర్ రాసుకోవాలని దొంగిలించాడేమోనని కెజియా అనుమానం. అతను దాదాపు ఏడ్చినంత పని చేశాడు.

"సార్ లేకపోతే ఆ పురుగు పేరు పలకడం కూడా నాకు రాదు మేడమ్."

తర్వాత సురేంద్ర కారు, గోడౌన్. గురువారం ఎనిమిదింటికి లారీ కదలాలి, సోఫాలు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని వరసగా నిలబడి ఉన్నాయి. తన దగ్గర పురుగులుంటే మామగారికి ఉచితంగా డెలివరీ ఇస్తానని సురేంద్ర జోక్ వేశాడు. దాచిపెడుతున్నవాడి నవ్వులా లేదది.

సాయంత్రం ఆరు. ఇంకా పదహారు గంటలు. కెజియా నాలుగోసారి ఆ ఇంటికి వచ్చింది. ఒకచోట కూర్చోలేకపోయింది. హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరుగుతోంది.

నేల మీద ఇంకొకటి తిరుగుతోంది. పళ్ళెంలా గుండ్రంగా ఉన్న రోబో వాక్యూమ్. సోఫా కిందికి దూరింది. కెజియా సాక్సును తాకి పక్కకు జరిగింది. పూజగది వైపు వెళ్ళింది. గడపకు కొట్టుకుంది. కీచుమంది. వెనక్కి తిరిగింది. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ కొట్టుకుంది.

కెజియా నిలబడిపోయింది.

జయమ్మ రాక రెండు రోజులు. ఇల్లంతా ఊడ్చేది ఈ యంత్రమే. దీనికి గడప దాటడం రాదు.

పొద్దుగాల లేకుండె మేడం.

కెజియా సాక్సులు తీసేసి గడప దాటింది. గోడకు పెద్ద టేకు మందిరం బిగించి ఉంది. సరిగ్గా దాని కింద, నేల మీద, చిన్న గుట్ట. రూపాయి బిళ్ళంత వెడల్పు. వేళ్ళతో తీసి నలిపింది. ముగ్గుపిండి గరగరలాడుతుంది. ఇది మొహానికి రాసుకునే పౌడరులా జారిపోయింది. దూరానికి తెలుపే, దగ్గరికి లేత పసుపు రంగు.

మందిరమంతా తడిమి చూసింది. ఒక్క పురుగు కన్నం లేదు, పై అర పలకల మధ్య సన్నటి సందు తప్ప.

6.30కి అందరూ హాల్లో ఉన్నారు. జయమ్మ తప్ప. డాక్టర్‌గారు భూతద్దం కింద ఆ పొడిని చూస్తున్నాడు.

"ఇది చెక్క తిని విసర్జించిన పొడి," అన్నాడు. "తాజాది."

కెజియా నిలబడే చెప్పింది. జాడీలో ఉన్నప్పుడు ఈ పొడి, చెక్కలో కంటికి ఆనని బీటల్లోంచి జాడీ అడుగున పడేది. చెక్కను గుడ్డలో చుట్టి ఎక్కడ పెట్టినా, అక్కడే రాలుతుంది. దాచినవాళ్ళు చెక్కను దాచగలిగారు. దొంగతనం జరిగిందని పురుగు తినడం మానదు కదా. సోమవారం నాలుగున్నరకే కొంచెం రాలింది. చూసిన ఒకే ఒక్క మనిషి దాన్ని ఊడ్చేసి, మరునాడు చెప్పింది కూడా. ఆ మనిషిని పని మాన్పించారు కాబట్టి అది రెండు రోజులు పోగైంది.

"పై అరలో పూజబట్టలుంటాయి. అది ముట్టుకునేది మీరొక్కరే. ముగ్గుపిండి అన్నదీ మీరే. లోపల ముగ్గు మాత్రం లేదు. తియ్యండి, స్వాతిగారూ."

స్వాతి లేచి వెళ్ళింది. పట్టుగుడ్డ మూటతో వచ్చి తండ్రి ఒళ్ళో పెట్టింది. ఆయన చెక్కను చెవి దగ్గర పెట్టుకున్నాడు. లోపల కొరుకుతున్న చప్పుడు విని తల ఊపాడు.

"కాఫీ ఇవ్వడానికి పైకెళ్ళి ముద్ర చూశాను," అంది స్వాతి. "మా గోడౌన్‌లో సోఫాలు వచ్చిన ప్రతి చెక్క మీదా అదే ఉంటుంది. ఈయనకు తెలియదు. రేపు లారీ వెళ్ళిపోయాక జాడీలో పెట్టేద్దామనుకున్నా."

"కాల్చేస్తే ఎవరికీ దొరికేది కాదుగా?"

"నాన్న పురుగును ఎట్లా కాలుస్తానండీ?"

సురేంద్ర లేచాడు. ఫోన్ తీసి, లారీ కదలనివ్వద్దని గోడౌన్‌కు చెప్పాడు.

కెజియాకు ఇంకొకటి అడగాలనిపించింది.

"జయమ్మ మీదికి ఎందుకు తోశారు?"

స్వాతి తలెత్తింది. "నేను ఆమె పేరు చెప్పలేదు మేడమ్. మీరే అన్నారు. నేను కాదనలేదు."

గురువారం పదింటికి అధికారులు వచ్చారు. పురుగు బతికే ఉంది. పదకొండుకు గోడౌన్‌కు సీలు పడింది.

పదకొండున్నరకు కెజియా చందానగర్‌లో ఉంది. జయమ్మకు ఇబ్బంది కాకూడదని జీపును మెయిన్ రోడ్డు మీదే వదిలేసింది. యూనిఫాం మార్చుకుని సల్వార్ కమీజ్ వేసుకుంది. కూరగాయల మార్కెట్ వెనక సందులో, గోనెసంచి మోసుకుంటూ నడిచింది. కట్టెలు భుజానికి గుచ్చుకున్నాయి.

జయమ్మ తలుపు తీసింది. గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది.

కెజియా దారంతా కూడగట్టుకున్న మాటలు చెప్పింది. చెక్క దొరికింది. దొరికిందీ జయమ్మ చెప్పిన మాట వల్లే. అప్పుడు వినకపోవడం తన తప్పు. డాక్టర్‌గారు మళ్ళీ రమ్మంటున్నారు.

"మీరు ఏమనుకోవద్దు, జయమ్మగారూ."

జయమ్మ సంచి అందుకుంది. గోడకు ఆనించింది. వచ్చి గడప లోపల నిలబడింది.

"గేటు కాడ నా సంచి బోర్లేసిన నాడు అందరు జూసిన్రు," అంది. గొంతు పెంచలేదు. "గా కార్లోళ్లు, స్కూటీ మీది పోరి, అందరు. గియ్యాల ఈ ముచ్చట చెప్పనీకి మీరొక్కరే వచ్చిన్రు. ఆ పోలీసు బట్టలల్ల గూడ రాలే."

జయమ్మ తలుపు వేసేసింది.