బాయిలర్ వెనక గురక

ఆ లాండ్రీలో బాయిలర్ వెనక మూలంటే అందరికీ హడలే. నడుంనొప్పికి మందు పట్టీ వేసుకుని, అక్కడి వెచ్చటి గోడకి చేరగిలబడ్డ ఇస్త్రీ తాత మళ్ళీ లేవలేదు. గురక విని, హాయిగా నిద్రపోతున్నాడులే అని ఎవరూ లేపలేదు. అప్పట్నుంచీ చీకటి పడితే ఆ గురక వినిపిస్తుందట! వినిపిస్తే పలకకూడదు, వెళ్ళి చూడకూడదు — అదీ అక్కడివాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు.

దుప్పట్లు మడతపెట్టే ఆవిడకి ఇలాంటి మాటలంటే ఒళ్ళుమంట. "చచ్చినవాడు గురక పెట్టడమేంటే, విడ్డూరం కాకపోతే!" అని తనతోపాటే పనిచేసే తోడికోడల్ని ఆటపట్టించేది. అయినా ఆ వైపు మాత్రం వెళ్ళేది కాదు.

ఆ రాత్రి ఇద్దరూ ఆఖరి దుప్పటి మడతపెడుతుంటే... వినిపించింది.

గుర్ర్...

చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ — గుర్ర్...

తోడికోడలు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అక్కా... పలక్కు. పోదాం పద."

చెప్పులైనా వేసుకోకుండా గేటు దగ్గరికి వచ్చిపడ్డారు. అక్కడ ఎదురుచూడాల్సిన ఆవిడ మొగుడు లేడు. అతనిదీ ఆ లాండ్రీలోనే ఇస్త్రీ పని.

ఆవిడకి తాత వేసుకున్న పట్టీ గుర్తొచ్చింది. పొద్దున మొగుడితో పోట్లాట కూడా పట్టీ గురించే. నొప్పికని డాక్టర్ ఇచ్చిన పట్టీ అది. పాతది పీకేశాకే కొత్తది వేసుకోవాలి. "ఒకదానికి ఆగి చావట్లేదే" అంటూ పాతదాని పక్కనే ఇంకోటి అంటించాడు మొండిఘటం.

"వద్దక్కా..." తోడికోడలు గొణిగింది.

వెళ్ళింది. చెయ్యి విడిపించుకుని బాయిలర్ వైపే వెళ్ళింది. చీకట్లో దారి చూపించింది ఆ గురకే — గుర్ర్... గుర్ర్...

మూలలో మొగుడు. వేడిగోడకి వీపు ఆనించి ఉన్నాడు. పెదాలు నీలం.

"ఏమయ్యా! ఏమయ్యోవ్!" కుదిపింది, చెంపలు వాయించింది. ఉలుకూ పలుకూ లేదు. ఆవిడ కేకకి తోడికోడలు అంబులెన్స్‌కి ఫోన్ చేసింది.

అంబులెన్స్‌లో వచ్చినతను పట్టీలు రెండూ పీకేసి, ముక్కులోకి విరుగుడు మందు కొట్టాడు. "వేడి తగిలితే ఇందులో మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగిపోతుందమ్మా. ఊపిరి ఆగిపోతుంది. పైగా రెండా!"

కాసేపటికి మొగుడు పెద్దగా ఊపిరి పీల్చాడు. ఆవిడ కూలబడి భోరుమంది.

"గురక వినిపించబట్టి వచ్చాను బాబూ. ఈయన్ని పట్టుకునేదాకా వినిపిస్తూనే ఉంది."

అతను వింతగా చూశాడు. "ఈయనకి గురక పెట్టేంత ఊపిరి ఎక్కడిదమ్మా? నేనొచ్చేసరికే ఆడీ ఆడనట్టుంది, గురక ఆగి చాలాసేపయుంటుంది..."

ఆవిడ మెల్లగా ఆ మూలకేసి తిరిగింది.

"తాతా... నువ్వా?"

ఖాళీగా ఉన్న గోడ దగ్గర — ఎవరో హమ్మయ్య అని ఊపిరి వదిలారు.