దొరగారి వాటా

పొద్దున్నే కొట్టు తెరవకముందే ఆ ఇంట్లో ఒక పని అయిపోవాలి. పదేళ్ల పిడుగు మంచం మీద వెల్లకిలా పడుకుని గౌను పక్కకి తప్పిస్తుంది. కుడివైపు పక్కటెముకల కింద నుంచి బయటికి వచ్చిన సన్నటి గొట్టానికి ఒక సంచి తగిలించి ఉంటుంది. అందులో చేరిన పచ్చటి నీటిని వాళ్ల నాన్న గీతల గ్లాసులోకి వంచి, కిటికీ వెలుగులో ఎత్తి చూస్తాడు.

"ఎంత నాన్నా?"

"నలభై."

"నిన్న యాభై అయిదు! అమ్మా, తగ్గింది!" పిడుగు క్లాసులో ఫస్టొచ్చినంత గొప్పగా అరిచింది. ఆ పిల్లకి ఆ గొట్టమంటే గర్వం. వీధిలో పిల్లల్ని వరసగా నిలబెట్టి, "మీకెవరికైనా ఉందా ఇలాంటిది?" అని అడిగి వాళ్ల నోళ్లు మూయించింది. వాళ్లమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. సంచి పట్టేలా ప్రతి గౌనుకీ లోపలివైపు ఒక జేబు కుట్టింది. ఆ జేబు చూసి ఆసుపత్రిలో నర్సులు కూడా ముచ్చటపడ్డారు.

ఆరు వారాల కిందట పిడుగు కాలేయంలోంచి బత్తాయిపండంత నీటి తిత్తి తీశారు. పురుగు వల్ల వచ్చిన తిత్తి. ఆపరేషన్ బాగానే జరిగింది, వారంలో ఇంటికి వెళ్లిపోవచ్చనుకున్నారు. నాలుగో రోజు గొట్టంలోంచి పిత్తరసం కారడం మొదలైంది. ఆ వెంటే జ్వరం. మూడు రోజులు ఇంటిల్లిపాదికీ ముద్ద గొంతు దిగలేదు. "పిల్లల్లో ఒక్కోసారి ఇలా అవుతుంది. తిత్తి ఉన్న చోట చిన్న కన్నం పడింది. చాలావరకు అదే పూడుకుంటుంది. గొట్టం ఉండనివ్వండి, ఓపిక పట్టండి" అంది డాక్టరమ్మ.

పిత్తరసమంటే ఏంటో పిడుగు నాన్నకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇరవై రెండేళ్లుగా మాంసం కొట్టు నడుపుతున్నాడు. చేదుకట్టు, అంటే పిత్తరసం నిండిన తిత్తి, చిట్లకుండా కార్జం తీయడంలో మార్కెట్టు మొత్తానికీ అతనే మొనగాడు. ఒక్క చుక్క కారినా మాంసమంతా చేదెక్కుతుంది. అలాంటివాడికి కూతురి సంచి విప్పాలంటే భయం.

ఆ భయానికి ఇంకో కారణం కూడా ఉంది. అది అతనొక్కడికే తెలుసు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అతన్ని పక్కకి పిలిచి అడిగింది. "ఈ పురుగు కుక్క పేగుల్లో ఉంటుంది. గుడ్లు దాని వెంట్రుకలకి అంటుకుంటాయి. పిల్లలు దాన్ని ముట్టుకుని చేతులు నోట్లో పెట్టుకుంటే ఇలా తిత్తులవుతాయి. కుక్కకేమో గొర్రె కార్జంలో ఉండే నీటి తిత్తులు పచ్చిగా తింటే వస్తుంది. మీ దగ్గర కుక్క ఉందా? అలాంటివి వేస్తారా?"

"లేదండీ" అన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలీదు. మాట అలా వచ్చేసింది.

కుక్క ఉంది. పేరు దొరగారు. అయిదేళ్లుగా కొట్టు మెట్టు మీద జమీందారులా కాళ్లు చాపుకుని ఉంటుంది. కార్జంలో తెల్లటి నీటి బుడగ కనబడితే ఆ ముక్క కోసి దానికి విసరడం అతని అలవాటు. "నోరులేని జీవాన్ని ఖాళీ కడుపుతో పంపకూడదురా" అని చిన్నప్పుడు అతని తల్లి, అంటే పిడుగు నాయనమ్మ, నేర్పింది. ఆ కొట్టు పెట్టిందే ఆవిడ. పిడుగు రోజంతా ఆ కుక్క మెడ పట్టుకునే తిరిగేది.

ఇంట్లో మాత్రం, "మట్టిలో ఆడితే వచ్చిందట" అని ఊరుకున్నాడు. వెంట్రుకలు గాయానికి మంచివి కావని చెప్పి కుక్కని పెరట్లో కట్టేశాడు. ఆ రోజు నుంచీ అతని భార్య ఆకుకూర నాలుగుసార్లు కడుగుతోంది. నేల రెండు పూటలా తుడుస్తోంది. "నేను సరిగ్గా కడక్కపోవడం వల్లే పిల్లకి ఈ గతి పట్టింది" అని మిషను మీద తల వంచుకుని అంటుంటే, విని కూడా నోరు విప్పలేదు.

ఆ ఆదివారం కొట్టు ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. నాయనమ్మ గల్లా దగ్గర కూర్చుంది. పిడుగు ఎత్తుపీట మీద కూర్చుని, జేబులో సంచితో, వచ్చినవాళ్లందరికీ "ఈరోజు నలభయ్యే!" అని చాటింపు వేస్తోంది. అతను ఒక కార్జం మొద్దు మీద పెట్టి కోశాడు. మధ్యలో తెల్లటి బుడగ. పెరట్లో తాడు ఎప్పుడు తెంపుకుందో, దొరగారు మెట్టు మీద తోకాడిస్తోంది. ఇరవై రెండేళ్ల అలవాటు చేతిది, మనసుది కాదు. ముక్క కోయడం, విసరడం రెప్పపాటులో అయిపోయాయి. కుక్క గుటుక్కున మింగేసింది.

"నాన్నా!" పిడుగు పీట మీంచి దిగింది. "అందులో తెల్లగా ఉందే, డాక్టరమ్మ నాకు ఫొటోలో చూపించింది. నా కడుపులో ఉన్నది అదే కదా?"

కత్తి ఆగిపోయింది. కొట్టు వెనక, ఇంట్లోకి వెళ్లే గుమ్మంలో భార్య చేతిలో గుడ్డతో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఏమో!

"కొట్టు ముందు ఏంటే ఆ మాటలు? లోపలికి పో" అంది నాయనమ్మ గొంతు తగ్గించి. "ఒరేయ్, బేరం చూసుకో."

అప్పుడే, బేరానికి వచ్చిన లెక్కల మాస్టారి మనవరాలు, రెండేళ్లదో మూడేళ్లదో, తాతగారి వేలు వదిలించుకుని దొరగారి మెడ చుట్టూ చేతులు వేసింది. మొహం దాని బొచ్చులో పెట్టి కిలకిలా నవ్వింది.

అతను కత్తి పడేసి, ఒక్క ఉదుటున దూకి ఆ పిల్లని ఎత్తుకుని మాస్టారి చేతిలో పెట్టాడు. "ముందు చేతులూ మొహమూ సబ్బుతో కడగండి మాస్టారూ."

"ఏమైందయ్యా?"

అతను తల్లి వైపు చూశాడు. ఆవిడ వద్దని కళ్లతోనే చెబుతోంది. కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల ఇంకా జవాబు కోసమే చూస్తోంది.

"అదే తల్లీ. నీ కడుపులో ఉన్నది అదే" అన్నాడు. తర్వాత జనం వైపు తిరిగాడు. "మా అమ్మాయికి జబ్బు నా చేతుల మీదుగానే వచ్చింది. పాడు కార్జం నేను కుక్కకి వేశాను. కుక్క నుంచి నా కూతురికి వచ్చింది. మాంసం తినడం వల్ల కాదు, ఆ మాట డాక్టరమ్మే చెప్పింది. కానీ ఈ వీధిలో పిల్లలందరూ ఈ కుక్కతోనే ఆడతారు. మిగతా కొట్లవాళ్లు కూడా ఇదే పని చేస్తున్నారు. మీ పిల్లల్ని కూడా డాక్టరుకి చూపించండి."

ఇద్దరు ముగ్గురు ఖాళీ సంచులతోనే వెళ్లిపోయారు. అతను కొట్టు తలుపు దించేశాడు.

లోపల భార్య నిలదీసింది. "ఆరు వారాలు! ఆరు వారాలు నన్ను నేను తిట్టుకుంటుంటే వింటూ కూర్చున్నారా? ఒక్క మాట! ఒక్క మాట చెబితే నా గుండె మీద బరువు దిగేది కదండీ!"

"చెబితే నా మొహం చూడవనుకున్నాను."

"ఇప్పుడు మాత్రం చూడాలనుందా ఏంటి!" అని చీరకొంగుతో కళ్లు తుడుచుకుంది. కొంగు బొడ్లో దోపుకుంటూ అంది. "ఇకమీదట గ్లాసులో ఎంతున్నా, కడుపులో ఏమున్నా, ముందు నాకు చెప్పాలి."

అతను తలూపాడు. మూలన కూర్చున్న నాయనమ్మ మెల్లగా అంది. "వాటా వెయ్యడం నేర్పింది నేనే కదమ్మా. వాణ్ణొక్కణ్ణే అంటే ఎలా?" కొట్టు పరువు కోసం ఎవరితోనైనా పోట్లాటకి దిగే మనిషి అంత మెత్తగా మాట్లాడటం ఆ కోడలు ఎప్పుడూ వినలేదు.

మర్నాడు పొద్దున నాయనమ్మే ఒక పెద్ద డేగిసా బయటికి లాగింది. పనికిరాని కార్జాలూ పేగులూ అందులో పడాలి, పురుగు చచ్చేలా అరగంట తెర్లి ఉడికాకే బయటికి రావాలి. ఎదురు కొట్టువాడు నవ్వితే, "మా వాడు నలుగురిలో నిలబడి ఒప్పుకున్నాడు. నీకు డేగిసా పొయ్యి మీద పెట్టడానికి కూడా నామోషీయా?" అని కడిగేసింది. వారం తిరిగేసరికి మార్కెట్లో ఇంకో మూడు డేగిసాలు పొయ్యెక్కాయి. మాస్టారు మళ్లీ మాంసానికి వచ్చారు. ఆయన వచ్చాక మిగతావాళ్లూ వచ్చారు.

గ్లాసులో నీళ్లు ముప్పైకి దిగాయి, తర్వాత పన్నెండుకి, తర్వాత అడుగున తడి మాత్రమే మిగిలింది. వరసగా మూడు రోజులు సంచి పొడిగా ఉంటే ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మ స్కాన్ చూసి, గొట్టం లాగేసి, పట్టీ వేసింది. పిడుగు కిక్కురుమనలేదు.

అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "డాక్టరమ్మా, ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను. కుక్క ఉంది. వేసింది నేనే."

డాక్టరమ్మ నోరు తెరిచేలోపే పిడుగు మంచం మీద లేచి కూర్చుంది. "కానీ మా నాన్న అందరి ముందూ చెప్పేశాడు తెలుసా! ఆదివారం, కొట్టు నిండా జనం! నాయనమ్మ వద్దన్నా చెప్పాడు! ఎవరి నాన్నైనా అలా చెబుతాడా?"

ఆ గొంతు అతనికి తెలుసు. వీధిలో గొట్టం చూపించినప్పటి గొంతే అది. తనని చూసి పిల్ల మొహం తిప్పుకుంటుందని ఆరు వారాలు భయపడ్డాడు. అతను గోడవైపు తిరిగి నిలబడ్డాడు. భార్య వచ్చి అతని చేయి పట్టుకుంది.

ఇంటికి వచ్చాక, ఇక ఆ జేబు విప్పేస్తానంది వాళ్లమ్మ. పిడుగు ఒప్పుకోలేదు. లోపల చేయి పెట్టి కాగితం పొట్లం తీసింది. కుక్క కడుపులో పురుగు పోవడానికి పశువుల డాక్టరు రాసిన మాత్ర, నెలన్నరకోసారి వెయ్యాల్సింది.

"నువ్వే వెయ్యి నాన్నా. దొరగారి వాటా" అంది.

అతను ఉడికిన ముక్కలో మాత్ర దాచి మెట్టు మీద పెట్టాడు. దొరగారు తిని మూతి నాకుతుంటే, తండ్రీ కూతుళ్లిద్దరూ పంపు దగ్గర పక్కపక్కనే నిలబడి చేతులకి సబ్బు రాసుకున్నారు.