మూడు తాళాల పెట్టె

మిట్టమధ్యాహ్నం... అయినా పెన్యఫోస్క కొండ మీద కటిక చీకటి!

కాటుక రంగు మేఘాలు చర్చి శిఖరాన్ని మింగేశాయి. పట్టపగలే గుడ్లగూబ కూసింది... ఆగకుండా, గొంతు చించుకుని! ఫెళఫెళమన్న ఉరుముకు కొండ అంచున ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డ రాతి ఇళ్లు గజగజ వణికాయి. కింద లోయలో ద్రాక్షతోటలు కోతకు సిద్ధంగా ఉన్నాయి.

గిస్లా ఇంట్లో ఆమె చెల్లెలు సాన్సా మంచం మీద విల్లులా వంగిపోయింది. కట్టిన తాళ్లు తెగేలా ఉన్నాయి. పదహారేళ్ల ఆ పిల్ల నోట్లోంచి ముసలి మగవాడి గొంతు!

"మొదటి వడగల్లు నేలను తాకనీ... దీని ప్రాణం నాది! హహ్హహ్హా!"

ఆ మేఘాలను తరిమే దారి ఊళ్లో చిన్నపిల్లలకైనా తెలుసు. చర్చి పక్కన, నాలుగు దిక్కులకూ తెరుచుకున్న రాతి మంటపంలో నిలబడి పవిత్ర శిలువను ఆకాశానికి చూపాలి. కానీ ఆ శిలువ ఉన్నది మూడు తాళాల పెట్టెలో! ఏ ఒక్కడూ ఒంటరిగా తెరవకూడదని తాతల నాటి కట్టడి. ముగ్గురు పెద్దల దగ్గర మూడు తాళంచెవులు. పాత ఫాదర్ పోయి ఏడాది దాటినా కొత్తాయన్ని పంపే తీరిక బిషప్ గారికి దొరకలేదు. అంచేత ఇప్పుడు ఊరి ప్రాణాలన్నీ ఆ ముగ్గురు మహానుభావుల చేతుల్లోనే ఉన్నాయి.

గిస్లా ముందు ఊరిపెద్ద బెరెంగేర్ ఇంటికి పరుగెత్తింది. ఆయన తీరుబడిగా రొట్టెను ఆలివ్ నూనెలో అద్దుకుంటున్నాడు.

"పెద్దయ్యా, పెట్టె తాళంచెవి పట్టుకుని రండి! చెల్లి చచ్చిపోయేలా ఉంది!"

"ఆ కమ్మరి పోన్స్ గాడు వస్తున్నాడా?"

"రావాలి గదా మరి!"

"అయితే నేను రాను. నా దొడ్డిగోడ జానెడు జరిపిన వెధవతో కలిసి గడప తొక్కనా? అయినా చెవి నా దగ్గర లేదమ్మా. ఈస్టర్ ముందు శిలువ తోముతానంటే గల్సెరాన్‌కి ఇచ్చేశా. పోన్స్ మొహం చూసే బాధ తప్పింది."

గల్సెరాన్ మూడో పెద్ద. మూలికలు అమ్ముకుంటాడు. ఎవరితోనూ తగవు పడడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు.

గిస్లా కొలిమి దగ్గరకు ఉరికింది. పోన్స్ సుత్తి దించకుండానే చెప్పాడు.

"నా చెవా? గల్సెరానే పట్టుకుపోయాడు. ఆ బెరెంగేర్ పక్కన నిలబడి తాళం తియ్యడం కంటే చావడం నయం. గోడ జరిపింది వాడు తల్లీ, వాడు!"

గిస్లాకు కడుపు మండిపోయింది. "మీ గోడ కూలా! మీ పంతాలు తగలబడా! మూడు చెవులూ ఒక్కడి చేతిలో పోసి కూర్చున్నారా?" అని వీధంతా దద్దరిల్లేలా అరుస్తూ చర్చికి పరుగెత్తింది.

పెట్టె బార్లా తెరిచి ఉంది! లోపల శిలువ లేదు... కపాలం!! సాన్సా జుట్టు పాయ చుట్టిన కపాలం! కంటిగుంటల్లో పచ్చని జ్వాల భగ్గుమంది. దాన్ని తాకబోయిన గిస్లా కుడిచెయ్యి మోచేతి దాకా కొయ్యబారిపోయింది.

"ఆలస్యమైందే గిస్లా!"

పక్క తలుపు అవతల, రాతి మంటపంలో గల్సెరాన్! ఆకాశానికి చేతులు చాచి నిలబడ్డాడు. సాన్సా నోట పలికిన గొంతు అదే!

"శిలువను అగాధంలోకి విసిరేశా! శిఖరం మీది గంట మోగకుండా దాని నాలుక పీకి బావిలో పారేశా! అర్ధరాత్రి వెళ్లి ఆ గోడను జరిపింది కూడా నేనే! వాళ్లిద్దరూ ఒక్క పెట్టె దగ్గర నిలబడనన్నాళ్లూ నాకు ఎదురులేదు! నీ చెల్లి ప్రాణం తాగి ఈ మేఘమండలానికి చక్రవర్తినవుతాను!"

గిస్లా వెనక్కి తిరిగింది. గుమ్మంలో బెరెంగేర్, పోన్స్! ఎదుటివాడు వెళ్తుంటే తాను ఇంట్లో ఉండలేక ఇద్దరూ వచ్చారు.

"విన్నారా? గోడ వాడే జరిపాడంట! ఇప్పుడైనా కదలండి!"

"నాకెప్పుడో అనుమానం," అన్నాడు బెరెంగేర్. "ఈ పోన్స్ గాడికే బుర్ర లేదు."

"ఎవడికిరా బుర్ర లేనిది?"

గిస్లాకు ఏడుపూ కోపమూ కలిసి పొంగుకొచ్చాయి. ఈ మనుషులతో వేగడం కంటే ఆ దయ్యంతో వేగడమే సులువనిపించింది. పోన్స్ చేతిలోని సుత్తిని ఎడమచేత్తో లాక్కుంది. "మీరు ఇక్కడే కొట్టుకు చావండి! ఆ గంటను నేనే మోగిస్తా!"

"ఒంటిచేత్తో ఏం మోగిస్తావ్, ఇటు తే! ఆ గంట పోసింది మా తాత!" అంటూ పోన్స్ సుత్తి గుంజుకున్నాడు.

"పోస్తే? కంచు ఇచ్చింది మా తాత! మొదటి దెబ్బ నాది!" బెరెంగేర్ మూలనున్న గునపం అందుకున్నాడు. ఒకరినొకరు తోసుకుంటూ ఇద్దరూ శిఖరం మెట్లెక్కారు.

అది మామూలు గంట కాదు... పిడుగులను శాసించే పునీత బార్బరా పేరు పెట్టి, పవిత్ర జలంతో స్నానం చేయించిన గంట!

ఖంగ్!! పోన్స్ సుత్తి. ఖంగ్!! బెరెంగేర్ గునపం. "ఇదా దెబ్బంటే?" "నీ మొహం, ఇది చూడు!" ఒకడి కంటే ఒకడు గట్టిగా... ఆగకుండా... ఆయాసంతో తిట్టుకుంటూ! ఆ మహానాదానికి దిక్కులు మారుమోగాయి.

కపాలం ఫటేలున పగిలింది. గిస్లా చేతిలోకి రక్తం జివ్వున పాకింది.

"ఆపండి! ఆపండిరా!" గల్సెరాన్ చెవులు మూసుకుని కేకలు పెట్టాడు. లోయ మీదకు సాగుతున్న మేఘాలు గిర్రున వెనుదిరిగాయి. వాడు పిలిచిన వడగళ్లన్నీ మంటపం నాలుగు వాకిళ్లలోంచి ఒక్కసారిగా వాడి మీదే విరుచుకుపడ్డాయి! ఒక్క ఘోరమైన ఆర్తనాదం... అంతే! మంచు గుట్ట కింద నల్లని అంగీ మాత్రం మిగిలింది. తోటల్లో ఒక్క ఆకు చిరగలేదు.

గిస్లా ఇంటికి పడుతూ లేస్తూ పరుగెత్తింది. మంచం మీద సాన్సా కళ్లు తెరిచి, విసుగ్గా మొహం చిట్లించింది.

"అబ్బ... ఏంటక్కా ఆ గోల? తల పగిలిపోతోంది. ఆపమని చెప్పవే!"

అది సాన్సా గొంతే. గిస్లా చెల్లెలి కాళ్ల దగ్గర కూలబడి బావురుమంది. శిఖరం మీద గంట ఇంకా మోగుతూనే ఉంది... ముందు ఆపింది తానని అనిపించుకోవడం ఇద్దరికీ ఇష్టం లేదు.

"ఆపరే... వాళ్లు ఆపరు," అంది గిస్లా వెక్కుతూ. "కొట్టుకోనీ."