ఇయ్యను

ఎండ ముదరకముందే చిన్నమ్మి ఎండుచేపల గంప పెట్టుకుని పలాస ఆటో ఎక్కింది. ఉద్దానంలో సముద్రం ఒడ్డునున్న వాళ్ల ఊరి నుంచి ఆమెకు రోజూ అదే దారి. వెనక సీట్లో పక్కన మంగ కూర్చుంది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పని ఆమెకి. ఆటో కొబ్బరితోటల మధ్య ఊగుతూ పోతుంటే డ్రైవరు స్పీకరులో ఏదో పెట్టాడు. రేకు డబ్బా మీద ఎవరో ఆగకుండా బాదుతున్నట్టు, ఇనప తీగను రాతికేసి గీస్తున్నట్టు ఉందా చప్పుడు.

"అదేటి బాబూ పొద్దున్నే ఆ గోల? కట్టెయ్యి," అంది మంగ.

"గోల కాదక్కా, మన భాను బ్యాండుది. కొత్త పాట. బెంగుళూర్లో జనం ఎగబడిపోతన్నారంట. పిన్నీ, నువ్వింకా ఇన్లేదేటి?"

చిన్నమ్మి సిగ్గుగా నవ్వింది. కూతురు భాను చేసే ఆ సంగీతం ఆమెకు ఎప్పుడూ అర్థం కాలేదు. అయినా తన పిల్ల పేరు ఆటోలో వినపడితే లోపల ఎక్కడో బాగానే ఉంది. ఇంతలో చప్పుళ్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలోంచి మగగొంతు ఒకటి నీరసంగా వచ్చింది.

"గుక్కెడు నీళ్లియ్యే, సిన్నమ్మీ."

ఆమె గంప మీద చెయ్యి బిగుసుకుపోయింది. అది జోగారావు గొంతు. నిరుడు వానల్లో పోయిన తన మొగుడి గొంతు. వెంటనే ఇంకో గొంతు కరుగ్గా, "ఇయ్యను," అంది. ఆ గొంతు తనదే. మళ్లీ అతను అడిగాడు. మళ్లీ ఆమె ఇయ్యనంది. డబ్బా మోత మొదలైంది. ఇయ్యను, ఇయ్యను, ఇయ్యను. ఒకే మాట పది గొంతులై, వంద గొంతులై ఆటో అంతా నిండిపోయింది.

మంగ ఆమె మొహంలోకి చూసి, చప్పున చూపు తిప్పుకుని రోడ్డు వైపు చూడసాగింది.

"ఆపు!" అని అరిచింది చిన్నమ్మి. "ఆటో ఆపరా!"

ఆమె అక్కడే దిగిపోయింది. బజారుకి వెళ్లలేదు. ఎదురొచ్చిన ఆటో పట్టుకుని ఇంటికి తిరిగొచ్చింది.

ఉద్దానంలో చాలామందికి వచ్చిన కిడ్నీ జబ్బే జోగారావుకీ వచ్చింది. చేపల వేటకెళ్లే మనిషి మంచం పట్టాడు. పలాస ఆస్పత్రిలో డయాలసిస్ చేయించుకుని వచ్చిన ప్రతిసారీ దాహంతో అల్లాడిపోయేవాడు. నీళ్లు కొలిచి మాత్రమే ఇవ్వాలి, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి అని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఆయన అడగడం, ఆమె కాదనడం. చివరి రెండేళ్లూ వాళ్ల కాపురం అదే. ఆ మాట అన్న ప్రతిసారీ తనెంత నలిగిపోయిందో ఎవరికీ చెప్పుకోలేదు.

ఇంటి ముందు అప్పటికే ఆమె వదిన అప్పలనరసమ్మ నిలబడి ఉంది. జోగారావుకి అక్క. చేతిలో ఫోను, కళ్ల నిండా నీళ్లు.

"నా తమ్ముడు నీళ్లు నీళ్లంటా పోనాడా సిన్నమ్మీ? ఇయ్యనని అంత పొగరుగా అన్నావా? లోకమంతా ఇనేసింది!"

"డాక్టరు వద్దన్నాడు వదినా. నీకు తెల్దేటి?"

"డాక్టరు సెప్పినాడని గుండె రాయి సేసుకుంటారా? పోయేవోడికి గుక్కెడు నీళ్లు! సొంత కూతురే పాట కట్టి సాటింపు ఏసిందంటే, నువ్వెంత ఏడిపించుంటావో!"

చుట్టుపక్కల ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే చిన్నమ్మికి ఒళ్లంతా మంట పెట్టింది. చేపల గంప వాకిట్లో అలాగే వదిలేసి, చెంగు బిగించి మళ్లీ రోడ్డెక్కింది. భాను పలాసలోనే ఉందని ఆమెకు తెలుసు. బెంగుళూరు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ విశాఖలో ప్రోగ్రాం ఉంది, ప్రాక్టీసు, ప్రాక్టీసు అని ఇంటికి రావడమే మానేసింది.

వాళ్ల బ్యాండు పేరు జీడిపొగ. టెక్కలిలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు భాను, ఈశ్వర్, మహీధర్ కలిసి మొదలుపెట్టారు. ఈశ్వర్ గిటారు తీగల్ని వలకు కట్టే సీసం గుళ్లతో కొట్టేవాడు. మహీధర్‌వి డ్రమ్ములు కావు, పాత నూనె పీపాలు. భాను పాడదు, పొట్టలోంచి కేకలేస్తుంది. ఫోను పట్టుకుని అలల హోరు, వల లాగేవాళ్ల అరుపులు, జీడిగింజలు కొట్టే చప్పుడు అన్నీ రికార్డు చేసి తెచ్చి వాటి మధ్య కలిపేది. కాలేజీ డే నాడు మొదటి పాట సగంలోనే మైకు కట్టేశారు. పెళ్లిళ్లలో సినిమా పాటలు వాయించండని పిలిస్తే వెళ్లలేదు. విశాఖలో చిన్న హోటల్ డాబా మీద వాయించిన వీడియో ఒకటి ఎలాగో జనంలోకి పోయింది. అక్కణ్ణుంచి హైదరాబాదు, బెంగుళూరు. రాగం లేదు, తాళం లేదు అని తిట్టినవాళ్లు తిట్టారు. ఇలాంటి చప్పుడు ఎప్పుడూ వినలేదని వెంటపడినవాళ్లు పడ్డారు. ఇప్పుడీ ‘ఇయ్యను’ పాటతో వాళ్ల పేరు ఎక్కడికో వెళ్లిపోయింది.

మహీధర్ వాళ్ల నాన్నది మూతపడిన జీడి గోడౌన్ ఒకటుంది, ప్రాక్టీసు అక్కడే. చిన్నమ్మి వెళ్లేసరికి లోపల ఆ పాటే మోగుతోంది. తలుపు నెట్టుకుని వెళ్లి, గోడకున్న తీగ ఒక్క లాగు లాగింది. స్పీకర్లు టప్పున ఆగిపోయాయి.

"అమ్మా! ఏటైంది?" భాను మైకు వదిలి పరుగున వచ్చింది.

"ఏటైందా? నీ అయ్య సచ్చిపోయినా ఊరుకోలేదు నువ్వు. ఆయన దాహం అమ్ముకున్నావు. నన్నేమో మొగుడికి నీళ్లియ్యని రాకాసిని సేసి ఆటోలో ఊరేగిస్తన్నావు!"

"అమ్మా, అది నీ మీద పాట కాదు..."

"నా పేరుంది. నా గొంతుంది. ఇంకెవరి మీదే?"

ఈశ్వర్ గిటారు పక్కన పెట్టి ముందుకొచ్చాడు. "పిన్నీ, కోప్పడకండి. ఆ పాట వల్లే ఉద్దానం బాధ బయటోళ్లకి తెలిసింది. ఎంతమంది ఏడుస్తన్నారో తెలుసా?"

"ఆళ్లు ఇని ఏడిసి ఇంటికెళ్లిపోతారు బాబూ. ఊర్లో తల ఎత్తుకు తిరగాల్సింది నాను. నన్నొక మాట అడిగినారా మీరు?"

ఈశ్వర్ తల దించుకున్నాడు. భాను మాత్రం ఊరుకోలేదు. ఆమె గొంతు కూడా లేచింది.

"అడగడానికి నువ్వు మాట్లాడితే కదా! నాన్న పోయినకాడి నుంచి నాతో ఒక్క మాట మాట్లాడినావా? ఆయన బట్టలు ఇచ్చేసినావు, మంచం తీసేసినావు. ఇంట్లో ఆయన పేరెత్తితే లేచి ఎల్లిపోతావు. మన ఊరి నీళ్లు పాడుసేసినోడి మీద కోపం, ఆ జబ్బు మీద కోపం, నాకెంత కోపముందో తెలుసా? ఎక్కడ పెట్టుకోమంటావు? అందుకే అరుస్తన్నాను!"

"అరుసుకో. నీ కోపం నువ్వు అరుసుకో. నా మాట ఎందుకు సగానికి కోసినావు?"

భాను ఒక అడుగు వెనక్కి వేసింది.

"సెప్పు," అంది చిన్నమ్మి దగ్గరికొచ్చి. "నువ్వు ఫోను పట్టుకుని అక్కడే ఉన్నావు. ఇయ్యనన్నాక నానేటి సేసినాను?"

"తడిగుడ్డతో... నాన్న పెదాలు తుడిసినావు."

"ఆయనేటన్నాడు?"

భాను కళ్లు వాల్చి అంది. "వొంట్లో బాగైతే పడవెక్కి ఎల్లి సముద్రం మొత్తం తాగేత్తానే అన్నాడు."

"అని నవ్వినాడు. ఎన్నాళ్లకో నవ్వినాడు. నువ్వూ నవ్వినావు, నానూ నవ్వినాను. నా ‘ఇయ్యను’ ఉంచినావు కదా, మరి ఆ నవ్వేదే?"

"తీసేసాం. ఆ నవ్వుంటే పాట మెత్తబడిపోతాదని..."

"సరే. తీసిన ముక్క పెట్టు. నా ఒక్కదానికే ఇనిపించు. ఆయన గొంతు ఇని ఏడాదైపోతంది."

భాను ఈశ్వర్ వైపు చూసింది. ఈశ్వర్ మహీధర్ వైపు చూశాడు. మహీధరే చివరికి నెమ్మదిగా అన్నాడు. "అది లేదు పిన్నీ. రికార్డు సేసిన ఫోను బెంగుళూర్లో పోయింది. కంప్యూటర్లో మాకు కావాల్సిన ముక్కే ఉంచుకున్నాం."

చిన్నమ్మికి అది అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. "అంటే ఆయన నవ్వు ఇంకెక్కడా లేదు," అంది. ఆ తర్వాత పక్కనున్న నూనె పీపాను కాలితో ఒక్క తాపు తన్నింది. అది గోడౌన్ ఈ చివర నుంచి ఆ చివరకి దొర్లుకుంటూ పోయింది.

"నా ఇంటికి రాకు," అని వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

భాను కంప్యూటరంతా వెతికింది. పాత ఫైళ్లు, తీసేసిన ఫైళ్లు, స్నేహితులకు పంపినవి, ఏదీ వదల్లేదు. నవ్వు ఎక్కడా లేదు. కుర్చీలోంచి లేచి, "పాట తీసేద్దాం," అంది.

"నీకు పిచ్చెక్కిందా?" ఈశ్వర్ ఎగిరిపడ్డాడు. "విశాఖ ప్రోగ్రాం వాళ్లు పిలిసిందే ఆ పాట కోసం! ఇన్నేళ్లు తిట్లు తిన్నాం, మైకులు కట్టేయించుకున్నాం. ఇప్పుడు తీసేత్తావా?"

"అయితే మీ నాన్న మంచం మీదున్నప్పుడు ఎల్లి రికార్డు సేసుకో. మీ అమ్మ మాట కోసి పెట్టు. అప్పుడు తీసెయ్యను."

ఈశ్వర్ మొహం ఎర్రబడింది. ఏదో అనబోయి, గిటారు తీసుకుని విసురుగా బయటికి వెళ్లిపోయాడు. సాయంత్రానికి మాత్రం పాట అన్నిచోట్లా తీసేసి ఉంది. తీసింది అతనే. విశాఖ వాళ్లు ఆ పాట లేకపోతే రావద్దన్నారు. ఆ సంగతి కూడా అతనే మెసేజ్ పెట్టాడు, ఇంకొక్క మాట రాయకుండా.

మర్నాడు పడవలు ఒడ్డుకొచ్చే వేళకి భాను ఊరికి వెళ్లింది. తల్లి ఇంట్లో లేదు. నేరుగా రేవుకి నడిచింది. అక్కడ ఆడవాళ్లంతా కూర్చుని చేపలు వేరు చేస్తున్నారు. వాళ్ల మధ్య అప్పలనరసమ్మ ఉంది.

"అత్తా! మా అమ్మని ఏటన్నావు నిన్న?"

అందరూ తలెత్తారు. బెంగుళూరు స్టేజీ మీద అరిచిన గొంతు అది. అలల హోరు మీదుగా అందరికీ వినిపించింది.

"ఉన్నదే అన్నాను. నీ పాటలో ఉన్నదే," అంది అప్పలనరసమ్మ.

"పాటలో ఉన్నది సగం. మిగతా సగం నేనే కోసేసాను. తప్పు నాది. మా అమ్మ ఆయన పెదాలు తడిపింది, నవ్వించింది. ఆయన అన్నాళ్లు బతికింది మా అమ్మ ఆ మాట అనబట్టే. తెలుసా మీకు? అనడానికి ఇంట్లో ఎవరికీ గుండె లేదు. నాకు లేదు. నీకు అసలే లేదు. తమ్ముడు అడిగినాడని సాటుగా సోడా తెచ్చి పట్టించినావు. ఆ సాయంత్రం ఆయనకి ఊపిరాడకపోతే ఆటోలో ఎత్తుకెళ్లింది ఎవరు? నీ పేరు బయటికి రానివ్వొద్దని నాతో ఒట్టు ఎయ్యించుకుంది ఎవరు? మా అమ్మే!"

అప్పలనరసమ్మ చేతిలో చేప జారిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు బిక్కచచ్చిపోయారు. పనికి పోతూ ఆగిన మంగ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆడడిగితే... కాదనలేకపోనానే," అంది అప్పలనరసమ్మ. "సిన్నప్పుడు నా సంకలో పెరిగినోడు. నీళ్లడిగితే ఎలా కాదంతానే?" అంటూ ఇసకలో కూలబడి ఏడ్చింది.

అప్పుడే గంపతో వచ్చిన చిన్నమ్మి వెనకాల నిలబడి ఇదంతా వింది. ఆమె మొహంలో కోపం తగ్గలేదు.

"ఒట్టు తప్పేసినావా?" అంది కూతురితో.

"తప్పేసినాను. కొట్టు, పడతాను."

"నలుగురిలో పెద్దదాన్ని ఏడిపించినావు. నడు ఇంటికి. నువ్వు కూడా లే వదినా."

ఇంటికొచ్చాక అప్పలనరసమ్మ గుమ్మం దగ్గరే కూర్చుండిపోయింది. చిన్నమ్మి పొయ్యి దగ్గర గిన్నెలు చప్పుడు చేస్తూ తన కోపమంతా వాటి మీద చూపిస్తోంది. భాను మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి ఆ తల ఎత్తకుండానే అంది.

"అమ్మా, నాన్న నవ్వు నాకు గుర్తు రావట్లేదే. ఎంత తలుసుకున్నా పాటలో గొంతే వస్తంది. ఆ పాట ఎన్నిసార్లు ఇన్నానో. దాహంతో అడిగిన గొంతే మిగిలింది నాకు. ఎలా నవ్వేవోడే?"

గిన్నెల చప్పుడు ఆగింది. చిన్నమ్మి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూతురి పక్కన కూర్చుంది. "ముందు దగ్గొచ్చేది. తరవాత పెద్దగా... ఇలా," అని నవ్వబోయింది. సగంలోనే గొంతు కీచుమంది.

"అలా కాదే," అంది భాను కళ్లు తుడుచుకుంటూ.

"మరెలాగే? హహ్... హహ్హ..." మళ్లీ ప్రయత్నించింది. అది నవ్వులా లేదు, పిల్లి గొంతులో ముల్లు అడ్డం పడ్డట్టుంది.

గుమ్మం దగ్గర కూర్చున్న అప్పలనరసమ్మ అంత ఏడుపులోనూ ఆపుకోలేకపోయింది. ముందు చిన్న దగ్గు వచ్చింది. తర్వాత ముక్కులోంచి బుస్సుమని గాలి. ఆపైన గుండెల్లోంచి తెరలు తెరలుగా నవ్వు.

తల్లీ కూతుళ్లు ఉలిక్కిపడి ఆమె వైపు తిరిగారు. అచ్చం అదే. ఒక్క ఇంట్లో, ఒక్క తల్లి కడుపున పుట్టినవాళ్ల నవ్వు.

వాళ్లెందుకలా చూస్తున్నారో అప్పలనరసమ్మకి అర్థమై, చేత్తో నోరు మూసుకుంది. చిన్నమ్మి లేచి వెళ్లి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. ఆమె కళ్లలోంచి ఏడాదిగా రాని నీళ్లు బొటబొటా రాలాయి.

"ఇంకోపాలి నవ్వు వదినా," అంది.