వంగినవాడికి సీటు

“కాస్త లేస్తారా? పెద్దాయన వచ్చారు,” అంది పక్కన నిలబడ్డ ఓ అమ్మాయి.

లోహిత్ లేవలేదు. అతనికి ఎనభై ఆరేళ్లు. ఇప్పుడు ట్రామ్ ఎక్కిన జస్వంత్ అతనికంటే రెండేళ్లు చిన్న. వరసకు తోడల్లుడు. అక్కను లోహిత్, చెల్లెల్ని జస్వంత్ చేసుకున్నారు. ఆ మాటే చెప్పబోయి లోహిత్ చుట్టూ చూశాడు. ట్రామ్‌లో ఉన్న జనమంతా అతన్ని సంస్కారం లేని మనిషిని చూసినట్టు చూస్తున్నారు. లేచాడు. ఒళ్లు మండిపోయింది.

జస్వంత్ కర్ర పోటేసుకుంటూ వచ్చి, ఎముకలను బతిమాలుకుంటున్నట్టు మెల్లగా కూర్చున్నాడు. రాజమండ్రిలో అతను తప్ప కర్ర పట్టుకున్న మనిషి కనబడి నలభై ఏళ్లు దాటింది. ట్రాముల్లో ‘వృద్ధులకు’ అన్న బోర్డులు ఎప్పుడో పీకేశారు.

అదంతా అస్థిసూత్రం చలవ. మొలతాడులా నడుముకు కట్టుకునే సన్నని తీగ అది. ఎముక రాయి కాదు. ఒళ్లు దాన్ని రోజూ కొంత తవ్వుతుంది, కొంత కడుతుంది. నడివయసు దాటాక తవ్వకం ఎక్కువై కట్టడం తగ్గుతుంది. ఎముక లోపల గుల్లవుతుంది. వెన్నుపూసలు నలిగి మనిషి కురచవుతాడు, వంగుతాడు. దవడ కరిగి మొహం లోపలికి పోతుంది. ఒంట్లో ఉండే ఎముకసాలెలకు, అంటే కంటికి కనబడని నేతగాళ్లకు, ఎక్కడ ఎంత అల్లాలో అస్థిసూత్రం చెబుతుంది. తవ్వినదంతా తెల్లారేసరికి పూడిపోతుంది. అందుకే ఈ కాలంలో తొంభై ఏళ్లవాడు కూడా పాతికేళ్ల కుర్రాడిలా నిటారుగా నడుస్తాడు, జనాన్ని తోసుకుని సీటు పట్టుకుంటాడు. అతను ఎవరికీ దారి ఇవ్వడు, అతనికీ ఎవరూ ఇవ్వరు.

లోహిత్ పనిచేసేది అస్థిసూత్ర కేంద్రంలోనే.

జస్వంత్ అంటే అతనికి మొదటినుంచీ గిట్టదు. జస్వంత్ పొడగరి. అతని పెళ్లిలో ఫొటో తీస్తున్నప్పుడు మామగారు, “పెద్దల్లుణ్ణి ముందుకు రమ్మనండర్రా, చిన్నల్లుడి వెనకాల కనబడ్డమే లేదు,” అన్నారు. అందరూ నవ్వారు. జస్వంత్ మరీ పడీ పడీ నవ్వాడు. “నువ్వు నడుం వంగి నా ముందు నడిచే రోజు చూస్తాను,” అన్నాడు లోహిత్ ఆ పందిట్లోనే. తర్వాత కొన్నాళ్లకు అస్థిసూత్రం వచ్చింది. వంగే మనిషే లేకుండా పోయాడు.

పదేళ్ల కిందట జస్వంత్ సూత్రం మరమ్మతుకు వచ్చింది. ఎముక కట్టమని చెప్పే సంకేతాన్ని లోహిత్ దాంట్లో చంపేశాడు. పనిచేస్తున్నట్టు చూపే పైదీపం మాత్రం వెలిగేలా ఉంచి తిరిగి ఇచ్చేశాడు. తర్వాత జస్వంత్ నడుం వంగడం మొదలైంది. కొందరి ఒంటికి సూత్రం పట్టదని డాక్టర్లు తేల్చేశారు.

అయితే లోహిత్ ఎదురుచూసిన నవ్వు మాత్రం రాలేదు. పిల్లలు జస్వంత్ కర్ర మోయడానికి పోటీ పడ్డారు. అన్నదమ్ములు తగువు పడితే తీర్పుకి ఆయన దగ్గరకే వెళ్లారు. ఊరంతా నిటారుగా ఉంటే పెద్దవాడెవడో ఎవరికి తెలుస్తుంది? వంగినవాడే పెద్దాయన అయ్యాడు. మొన్న లోహిత్ సొంత మనవరాలి పెళ్లిలో కూడా మొదటి అక్షింతలు జస్వంత్ చేతనే వేయించారు. తాతైన లోహిత్ వరసలో నిలబడి, తన వంతు వచ్చాక వేశాడు. అది అతను మింగలేకపోయాడు.

“ఏమోయ్, రేపు కేంద్రానికి రా,” అన్నాడు లోహిత్ గొంతు తగ్గించి. “నీ సూత్రంలో ఏదో లోపం ఉండుంటుంది. సరిచేసి ఇస్తాను. మళ్లీ నిటారుగా నిలబడతావు.”

“ఆ లోపం ఏంటో నాకు తెల్సండి అన్నయ్యగారూ. వేరే ఊళ్లో విప్పించి చూశాను. నాలుగేళ్లయింది.”

లోహిత్ ఇంకా దగ్గరికి జరిగాడు. “ఎవరితో చెప్పావు?”

“చెబితే బాగుచేసేస్తారు కదండీ!” జస్వంత్ కర్ర మీద గడ్డం ఆనించాడు. “తుమ్మితే పక్కటెముక విరుగుతోంది. మా ఆవిడ తిప్పితే తప్ప ఒత్తిగిల్లలేను. ఎక్కువ కాలం ఉండనని డాక్టరమ్మ చెప్పేసింది కూడా. అయినా సరే. అక్షింతల వేళ మీ మొహం చూశాను చూడండీ, దాని కోసం ఇంకో నాలుగు విరిగినా పర్లేదు.”

“బతకాలని లేదా నీకు?”

“ఉంది. మీరు నిలబడుంటే చూస్తా బతకాలనుంది.”

“ఏవండీ, ఆయన మీద పడిపోకండి. గాలాడొద్దూ పాపం!” అని ఆ అమ్మాయి లోహిత్‌ని వెనక్కి జరిపింది.

తన స్టాపు రాకుండానే లోహిత్ దిగిపోయాడు. కేంద్రంలో నిజం ఒప్పుకుంటే జస్వంత్ బతుకుతాడు, తను జైలుకి పోతాడు. నోరు మూసుకుంటే జస్వంత్ పెద్దాయనగానే పోతాడు. రెండింట్లోనూ గెలిచేది వాడే. కోపంతో కళ్లు కనబడలేదు. అక్కడే, ప్లాట్‌ఫారం మీదే, నడుం వంచి రెండడుగులు వేసి చూశాడు. పాతికేళ్ల వెన్ను ఒప్పుకోలేదు. వంచినకొద్దీ నిక్కుతోంది. మళ్లీ బలవంతంగా వంగాడు.

“ఏం పడిపోయిందండీ? వెతికి పెట్టమంటారా?” అన్నాడు అటుగా పోతున్నవాడెవడో.

“ఏమీ పళ్లేదు,” అని లోహిత్ నిటారుగా నిలబడ్డాడు.

ట్రామ్ కదిలింది. కిటికీలోంచి జస్వంత్ అతన్నే చూస్తూ, విరిగిన పక్కటెముకను చేత్తో అదిమిపట్టుకుని, కళ్లవెంట నీళ్లు కారుతున్నా ఆపకుండా పడీ పడీ నవ్వుతున్నాడు.