గద్ద రెక్కకు రఫూ

"ఎవడు కుట్టిండు దీన్ని?"

సుకన్య అడిగిన మొదటి మాట అది. పేరు అడగలేదు, కూర్చోమనలేదు. అట్టపెట్టెలోంచి గద్దను పాత తువ్వాలుతో ఒడుపుగా ఎత్తి, ఎడమ రెక్క విప్పి చూసింది. గాలిపటం మాంజా కోసిన చోట గోధుమరంగు దారంతో వరుసగా సన్నని కుట్లు ఉన్నాయి.

"ప్రాణం అనుకున్నడా, బట్ట అనుకున్నడా? అసొంటోని చేతులు విరగ్గొట్టాలె!"

ప్రమోద్ మెల్లగా తన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"తెల్వది మేడమ్. గిట్లనే దొరికింది."

అబద్ధం. కుట్టింది అతనే. అమీర్‌పేట్ మెట్రో స్టేషన్ వెనక సందులో తండ్రి రాజమల్లుతో కలిసి రఫూ దుకాణం నడుపుతాడు. సిగరెట్ కాలిన సూటుకైనా, మేకు తగిలి చిరిగిన పెళ్లి చీరకైనా బొక్క ఎక్కడుందో తెలియకుండా దారం నేసి ఇవ్వడం వాళ్ల పని. ఆ పొద్దున కరెంటు తీగకు వేలాడుతున్న మాంజాలో చిక్కి గద్ద దుకాణం ముందే పడింది. రక్తం చూసి గాబరాపడి, చేతనైన పని చేశాడు. పంజాగుట్టలో గద్దలకు వైద్యం చేసే ఇల్లుందని పక్క దుకాణం అతను చెప్పేసరికే కుట్టడం అయిపోయింది.

అది పాత రెండంతస్తుల ఇల్లు. కింద డాక్టర్ ఛాయాదేవి గారి కాపురం, పైన ఆసుపత్రి, డాబా మీద పెద్ద పెద్ద పంజరాలు. గద్దలు, డేగలు, గుడ్లగూబలు అక్కడ కోలుకుని మళ్లీ ఎగిరిపోతాయి. చందాలతోనూ, సాయంత్రాలు వచ్చి చాకిరీ చేసే నలుగురైదుగురు మనుషులతోనూ ఆ సంస్థ నడుస్తుంది. సుకన్య ఆ నలుగురిలో ఒకతె. పగలు అమీర్‌పేట్‌లో ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో కూర్చుంటుంది.

ఛాయాదేవి గారు కళ్లజోడు సవరించుకుని కుట్లన్నీ కత్తిరించారు. గాయం కడిగి మందు వేశారు.

"బతుకుతదా మేడమ్?" అన్నాడు ప్రమోద్.

"చూద్దాం బాబూ. నువ్వు తెచ్చావు కాబట్టి ఆ మాత్రం ఆశైనా ఉంది."

మర్నాడు సాయంత్రం అతను మళ్లీ గుమ్మంలో కనిపించాడు.

"మళ్లొచ్చినవేంది?" అంది సుకన్య.

"మీ తువ్వాళ్లన్నీ గద్ద గోళ్లకు చిరిగినయ్. మా దుకాణంల కట్‌పీసులు మస్తున్నయ్. కుట్టిస్త మేడమ్."

"ఫ్రీగనా?"

"ఫ్రీగనే."

"గిట్ల మొదలువెట్టినోళ్లు మస్తుమంది. మూడో దినం కోడి ముక్కలు కోయమంటె ఒక్కడు కనవడడు."

మూడో రోజు అతను ముక్కు చిట్లించుకుంటూనే కోడి ముక్కలు కోశాడు. నాలుగో రోజు పంజరాలు కడిగాడు. అయిదో రోజు సుకన్య తన చాయ్‌లో సగం అతనికి పోసింది. "మేడమ్ అనకు, సుకన్య అను" అన్నది కూడా ఆ రోజే.

"దీనికి పేరు వెడ్దామా?" అన్నాడు ఒకసారి గద్దను చూపించి.

"వద్దు. పేరు వెడితె పంపియ్యబుద్ధి గాదు. మనసుల ఉంచుకోవాలె గంతే." అతని వంక చూసింది. "నువ్వు తేకపోతే ఇది రోడ్డు మీదనే చచ్చేది. మంచోనివి ప్రమోద్ నువ్వు."

ఆ మాటకు సంతోషం వేయాల్సింది. సూది గోరు కిందికి దిగినట్టు కలుక్కుమంది. అప్పటికే ఆ పిల్ల నవ్వితే అతనికి ఇంకో పని తోచడం లేదు. నిజం చెబితే ఆ నవ్వు పోతుంది. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అంటూ మూడు వారాలు గడిపేశాడు.

గద్దకు మాత్రం తగ్గలేదు. మానినట్టే మానిన గాయం మళ్లీ వాచి చీము పట్టింది. తిండి మానేసి మూలకు ఒదిగి కూర్చుంది.

"ఎక్స్‌రేలో ఏమీ లేదు. మందు మార్చినా లొంగట్లేదు" అన్నారు ఛాయాదేవి గారు. "ఇంకో రెండ్రోజులు చూస్తాను. తర్వాత రెక్క తీసేయడమే. రెక్క లేని గద్ద బతికినా..."

సుకన్య కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది.

ప్రమోద్ తన వేళ్ల వంక చూసుకున్నాడు. బట్ట మరీ పలచబడిన చోట కుట్టు నిలవదు. అందుకే రఫూ చేసేవాళ్లు లోపల అదే రంగు పేలిక ఒకటి ఆసరాగా పెట్టి పైన కుడతారు. గద్ద దొరికిన పొద్దున చెయ్యి అలవాటు కొద్దీ ఆ పనీ చేసింది. పెట్టిన సంగతి అతనికే గుర్తు లేదు, ఈ క్షణం దాకా. ఇప్పుడు చెబితే సుకన్య ఉండదు. చెప్పకపోతే రెక్క ఉండదు.

"లోపల బట్ట పేలిక ఉన్నది మేడమ్."

ఇద్దరూ అతని వైపు తిరిగారు.

"నీకెట్ల తెలుసు?" అంది సుకన్య.

"నేనే పెట్టిన. కుట్టింది సుత నేనే."

ముందుగా తేరుకున్నది ఛాయాదేవి గారే. "ఎంత ముక్క? ఎటువైపు?"

"బొటనవేలి గోరంత, కుట్టుకు కింది దిక్కు. మలమల్. మాంసం రంగుకు కలిపి పెట్టిన. గందుకే మీకు కనవడలే."

వెంటనే గద్దకు మత్తిచ్చారు. ఇరవై నిమిషాల్లో ముక్క బయటికి వచ్చింది. నెత్తురులో నానిన ఆ పేలికను ట్రేలో చూసి ప్రమోద్ బయటికి నడిచాడు. సుకన్య వెనకాలే మెట్ల దాకా వచ్చింది.

"కుట్టినందుకు కాదు నా కోపం. తెల్వక కుట్టినవ్. మూడు వారాలు అది నొప్పికి ఏడుస్తుంటే చూస్కుంట నిలవడ్డవ్."

"పేలిక సంగతి ఇప్పుడే యాదికొచ్చింది, ఒట్టు. కుట్టిన సంగతి... చెప్తె నువ్వు మాట్లాడవని..."

"ఇప్పుడు మాట్లాడుతనా మరి?"

తలుపు పడింది.

ఆ తర్వాత ప్రమోద్ పైకి వెళ్లలేదు. వారానికోసారి కొత్త తువ్వాళ్లు కుట్టి, సంచిలో పెట్టి గేటుకు తగిలించి వచ్చేవాడు. మరుసటి వారానికి ఖాళీ సంచి మడతపెట్టి గేటుకే ఉండేది. ఆ మడత ఎవరిదో అతనికి తెలుసు. ఆ మాత్రానికే ఒక వారం బతికేవాడు.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం సుకన్య దుకాణం ముందు నిలబడింది. ప్రమోద్ చేతిలో సూది ఆగిపోయింది. ఆమె అతన్ని చూడకుండా రాజమల్లుకు దండం పెట్టింది.

"ఏం చిరిగింది బిడ్డా?" అన్నాడాయన.

"రెక్క, కాకా."

గాయం మానిందట. కానీ నొప్పికి పంజరంలో కొట్టుకుని నాలుగు పెద్ద ఈకలు విరిగాయి. కొత్తవి రావాలంటే ఏడాది పైమాటే, అన్నాళ్లు పంజరంలో ఉంటే అది ఎగరడమే మరిచిపోతుంది. వేరే గద్దలు రాల్చిన ఈకలు దాచి ఉన్నాయి. ఈక మొదలు డొల్లగా ఉంటుంది కాబట్టి లోపల వెదురు పుల్ల దూర్చి, విరిగిన ఈకకు కొత్తది అతికించవచ్చు.

"డాక్టర్ గారి కంటికి సన్నపని ఆనుతలేదు. మీ కొడుకును పంపుండ్రి."

రాజమల్లుకు జరిగిందంతా తెలుసు. లేచి గోడకు తగిలించిన పాత పన్నెను దించాడు. మగ్గం మీద దారాలు సర్దే ఆ చట్రం నిండా దువ్వెన పళ్లలా సన్నని వెదురు పుల్లలున్నాయి.

"మా నాయినది. సిరిసిల్ల విడిచిననాడు గిదొక్కటే తెచ్చుకున్న. వంగుతది గని విరగది." నాలుగు పుల్లలు ఊడదీసి కొడుకు అరచేతిలో పెట్టాడు. "రఫూ కనవడొద్దు కొడుకా. గని గీసారి చెప్పి కుట్టు."

అతను చెప్పే చేశాడు. మత్తులో ఉన్న గద్దను సుకన్య పట్టుకుంది. "పుల్ల ఇంత కోస్తున్న... గమ్ము చుక్కంత పెడ్తున్న... ఇగో, ఇటు తిప్పుతున్న మేడమ్, చూడుండ్రి" అని ప్రతి అడుగూ చెప్పాడు. రెండు తలలూ ఒకే రెక్క మీద వంగి ఉన్నాయి. నాలుగో ఈక కుదురుకునేసరికి అతని చొక్కా తడిసిపోయింది.

"మేడమ్ అనకని చెప్పిన గద" అంది సుకన్య, తలెత్తకుండానే.

జూన్ మొదటి వారంలో, మబ్బు కమ్మిన ఒక సాయంత్రం, డాబా మీద పెట్టె తెరిచారు. గద్ద పిట్టగోడ ఎక్కి కూర్చుంది. కింద పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద హారన్లు. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. అది కదలలేదు.

రెక్కలు విచ్చుకున్నాయి. గద్ద ఒక్కసారి కిందికి జారింది. సుకన్య అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది. అంతలోనే అది గాలిని అందుకుని లేచింది. మెట్రో పట్టాల మీదుగా ఒక చుట్టు, ఇంకొంచెం పైన మరో చుట్టు తిరిగింది.

"నువ్వు పెట్టిన ఈకలు ఏవి?"

"కనవడ్తలేవు" అన్నాడు. ఆ మాట అంటూనే ఏడ్చేశాడు. ఛాయాదేవి గారు ఏదో పని గుర్తొచ్చినట్టు కిందికి దిగిపోయారు.

"సుకన్యా, ఒకటి చెప్పాలె."

"ఇంకేం దాచినవ్?"

"గిదొక్కటే. నువ్వంటే నాకు పానం."

"ఎప్పటిసంది?"

"నీ సగం చాయ్ నాకు పోసినప్పటిసంది."

సుకన్య పట్టుకున్న మణికట్టు వదలకుండా అతని అరచేయి తిప్పి చూసింది. వేళ్ల కొసలనిండా సూది పోట్లు.

"ఈ చేతులు విరగ్గొట్టాలన్న గద మొదటి దినం. ఆ మాట వాపస్ తీసుకుంటున్న."

మొదటి చినుకులు పడ్డాయి. గేటు దగ్గర రాజమల్లు గొడుగు పట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు.

"పో, ముందు మీ బాపుకు చెప్పు" అంది సుకన్య. "ఈసారి మూడు వారాలు ఆగకు."